కాపలా మాట

ఆఫీసులో ఆమెను అందరూ అక్షరాలక్క అంటారు. ఎగతాళికి పుట్టిన పేరే గాని పన్నెండేళ్ళు గడిచేసరికి అదే అసలు పేరైపోయింది. హాజరుపట్టీలో ఉన్న పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవర్నబ్బా పిలుస్తున్నారు అని ఆమే పక్కకి చూస్తుంది.

ఆమె చేసే పని ఏమిటో మొదటిసారి వినేవాళ్ళు నవ్వుతారు. "ఇంగ్లీషు మాటల ఆటలు ఆడేవాళ్ళకి మాటలు వెతికిపెడతాను" అంటే, "దానికీ ఒక ఆఫీసుందా?" అని అడుగుతారు. ఉంది. జే, వీ రెండూ ఉన్న ఆరక్షరాల మాటలు ఎన్ని? క్యూ ఉండి దాని వెనక యూ లేని మాటలు ఏవి? జెడ్, కే రెండూ పట్టే మాట ఒక్కటైనా చెబుతారా? పనీపాటా లేనివాళ్ళు, ఉన్న పని ఎగ్గొట్టేవాళ్ళు, కాలు విరిగి మంచాన పడ్డవాళ్ళు, అందరికీ ఇదే ధ్యాస. కంప్యూటర్ ఒక్క నొక్కుకి మూడువందల మాటలు కక్కుతుంది. వాటిలోంచి ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు తీసెయ్యాలి. బూతులు తీసెయ్యాలి. మిగిలిన వాటికి పక్కన ఒక్క ముక్కలో అర్థం రాయాలి. బియ్యంలో రాళ్ళు ఏరే పనిలాంటిదే, కాకపోతే ఇక్కడ ఏరి ఏరి కళ్ళు లాగేసినా ఎవరి కడుపూ నిండదు.

మొదట్లో ఆమెకి ఈ పని సరదాగానే ఉండేది. కొత్త మాట దొరికితే ఇంటికెళ్ళేదాకా నోట్లో చప్పరించుకునేది. ఇప్పుడు ఎక్స్ అక్షరం చూస్తే ఆవలింత వస్తుంది. సాయంత్రం బస్సులో కూర్చుంటే షాపుల బోర్డుల మీది అక్షరాలు వాటంతటవే విడిపోయి, మళ్ళీ కలిసి, వరసలు కడతాయి. కళ్ళు మూసుకున్నా ఆగవు.

ఈ జాబితాలన్నీ ఏడాదికోసారి పుస్తకంగా వస్తాయి. ఆ పుస్తకంలో ఒక రహస్యం ఉంది. ఏటా ఒక్క దొంగ మాట అందులో దూరుస్తారు. ఏ నిఘంటువులోనూ లేనిది, కానీ చూస్తే నిజమేననిపించేది. పక్కన అర్థం కూడా ఉంటుంది. దాన్ని ఆఫీసులో కాపలా మాట అంటారు. వేరే కంపెనీవాడెవడైనా కష్టపడకుండా వీళ్ళ పుస్తకం ఎత్తి రాసుకుంటే, ఈ మాట కూడా వాడి పుస్తకంలోకి ఎక్కుతుంది, అక్కడ దొరికిపోతాడు. యజమాని ఇప్పటికి ఇద్దర్ని అలాగే పట్టుకున్నాడు. ఏడాది తిరగ్గానే ఆ మాట తీసేసి ఇంకోటి పెడతారు. రెండేళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది కాబట్టి, పాత పుస్తకం తిప్పి పంపినవాళ్ళకే కొత్తది ఇస్తారు.

ఆ మాటలు పుట్టించే పని అక్షరాలక్కది. ఈ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టింది. ఆమె ముందు సీట్లో కూర్చునే పెద్దమనిషి ఒకసారి మాటవరసకి బావమరిదికి ఉప్పందించాడు. ఆ బావమరిది దాన్ని నలుగురిలో జోకుగా వదిలాడు. వారం తిరిగేలోపు ఆ సీటు ఖాళీ. ఇప్పుడా సీటు మీద పాత ఫైళ్ళు కూర్చున్నాయి.

*

ఇంట్లో అత్తగారు ఉంటుంది. ఆవిడ కొడుకు, అంటే ఈమె మొగుడు, దూరప్రయాణాల బస్సు డ్రైవరు, మూడు రోజులు రోడ్డు మీద, ఒకరోజు మంచం మీద. కాబట్టి ఇల్లంటే అసలు ఈ ఇద్దరాడవాళ్ళే.

అత్తగారు పాత టెలిఫోన్ ఆపరేటరు. ముప్ఫై ఏళ్ళు చెవులకి యంత్రం తగిలించుకుని, ఎదురుగా బోర్డు మీది కన్నాల్లో తీగలు గుచ్చుతూ గడిపింది. నాలుగువందల నంబర్లు పుస్తకం చూడకుండా చెప్పేది. ఎలా గుర్తుంటాయని అడిగితే, "నంబరు గుర్తుండదే, చోటు గుర్తుంటుంది. డాక్టరుగారంటే పై వరసలో ఎడమ నుంచి ఏడో కన్నం. అంతే" అనేది. ఇంగ్లీషు కూడా ఆ బోర్డు ముందే నేర్చుకుంది. ఎవరి మాటలు విని నేర్చుకుందో అడక్కూడదు.

నాలుగేళ్ళ కిందట మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆర్నెల్లు మంచం. అప్పుడు కోడలు తన ఆఫీసు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది, పొద్దుపోతుందని. అది పొరపాటో పుణ్యమో ఇప్పటికీ తేలలేదు. ఆవిడ ఆ పుస్తకానికి అట్ట వేసుకుని పొద్దున్నే చదవడం మొదలుపెట్టింది. కోడలు టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే వెనకనుంచి, "క్యూ, వీ, ఆరక్షరాలు, క్వేవర్, వణకడం" అంటూ చెవిలో ఇల్లు కట్టుకుని వినిపించేది. పగలంతా ఆ అక్షరాలతో వేగి ఇంటికొస్తే ఇంట్లోనూ అవే. కోడలికి తల ప్రాణం తోకకొచ్చేది.

కానీ ఆవిడ చదువు వెనక ఒక భయం ఉంది. ఆవిడ అక్కగారికి చివరి రోజుల్లో మతిమరుపు ముదిరింది. కన్నకూతురు అన్నం పెడుతుంటే, "ఎవరమ్మా నువ్వు, మీ అమ్మ నీకోసం ఎదురుచూస్తుంటుంది, ఇంటికెళ్ళు" అందట. అది కళ్ళారా చూసొచ్చిన రోజునుంచీ ఈవిడకి తన బుర్ర మీద తనకే నిఘా. కళ్ళజోడు ఒక్క నిమిషం కనబడకపోతే మొహం పాలిపోతుంది. పుస్తకంలో ఒక పేజీ అప్పజెప్పుకుని తప్పు రాకపోతే, "ఇవాళ్టికి ఫరవాలేదు" అనుకుని లేచి స్టవ్ వెలిగించుకుంటుంది. ఆ స్టవ్ లైటర్ ఆవిడదే, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. పొద్దుటి టీ ఆవిడ హక్కు.

*

ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ పైగదిలో బిళ్ళల ఆట జరుగుతుంది. అక్షరాలున్న బిళ్ళలు గళ్ళపలక మీద పేర్చి మాటలు కట్టే ఆట. రిటైరైన హెడ్మాస్టరుగారు ఆరేళ్ళుగా అక్కడ గెలుస్తూనే ఉన్నారు. ఈసారి ఆఖరిపోటీకి ఆయన ఎదురుగా కూర్చున్నది అత్తగారు. కోడలు కిటికీ పక్కన బల్ల మీద కూర్చుంది. చూడ్డానికి కాదు, వారమంతా అరిగిన కళ్ళకి కాసేపు చూడకుండా ఉండే వీలు దొరికిందని.

ఆట చివరికి వచ్చింది. హెడ్మాస్టరుగారు ఇరవై పాయింట్లు ముందున్నారు. అత్తగారు తన బిళ్ళలకేసి చూసి, చిన్నగా నవ్వి, ఒక్కొక్కటే పలక మీద పెట్టింది. జే, ఓ, ఎల్, వీ, ఈ, టీ. జోల్వెట్.

కిటికీ దగ్గర కోడలు చటుక్కున తలెత్తింది.

"ఆ మాట లేదమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఉందండీ."

"అర్థం?"

"ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. తీర్పరిగా కూర్చున్న లైబ్రేరియన్ పెద్ద నిఘంటువు తెరిచాడు. వేలు పై నుంచి కిందకి, మళ్ళీ కింది నుంచి పైకి నడిపించాడు. లేదు.

"మీ లిస్టు పుస్తకం చూడండి. నలభై ఏడో పేజీ, కుడి వరస, పై నుంచి ఐదోది" అంది అత్తగారు. గొంతులో రవ్వంత అనుమానం కూడా లేదు.

లైబ్రేరియన్ కొత్త పుస్తకం తీశాడు. మూడు వారాల కిందటే కోడలి ఆఫీసునుంచి వచ్చింది, పాతది తిప్పి పంపేశారు. ఇంట్లోనూ అంతే, అత్తగారు కొత్తదాంట్లో ఇంకా ముప్ఫయ్యో పేజీ దాటలేదు. నలభై ఏడో పేజీ తీసి, కుడి వరస లెక్కపెట్టి, పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు. "ఐదోది జోవియల్ అండీ. ఉల్లాసంగా ఉండే మనిషి అని రాశారు."

ఆవిడ పుస్తకం దగ్గరకి లాక్కుంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. వెనక పేజీ చూసింది, ముందు పేజీ చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మానేశారు. అది నవ్వుకంటే అన్యాయంగా ఉంది.

హెడ్మాస్టరుగారు చెడ్డమనిషి కాదు. బిళ్ళలు డబ్బాలో వేస్తూ మెల్లగా అన్నారు, "ఏం ఫరవాలేదమ్మా. ఈ వయసులో మామూలే. మా వదినగారికి కూడా ఇలాగే మొదలైంది."

ఆ 'మొదలైంది' అన్న మాట దగ్గర అత్తగారి చెయ్యి పలక మీద ఆగిపోయింది. కోడలు చూసింది. లేచి నిలబడి ఒక్కమాట చెబితే సరిపోతుంది. ఆ మాట ఉండేది, పోయినేడు నేనే పెట్టాను, ఈ ఏడు నేనే తీశాను. అంతే. కానీ ఆఫీసులో ఫైళ్ళు కూర్చున్న సీటు కళ్ళ ముందు మెదిలింది. నోరు పెగల్లేదు.

*

ఇంటికొచ్చాక ఆవిడ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతికర్ర మూలన పెట్టి, వంటగదిలోకి వెళ్ళి లైటర్ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు."

"ఎందుకత్తయ్యా?"

"లేనిది ఉందని చూసినదాన్ని, వెలుగుతున్న స్టవ్ కట్టేశాననుకోనా? నువ్వు ఆఫీసుకెళ్ళాక నేనొక్కదాన్నే ఉంటాను. పైన కాపురం ఉన్నవాళ్ళకి పసిబిడ్డ ఉంది."

"ఒక్క మాటకి అంత ఆలోచిస్తారేంటి? నేనూ రోజుకి పది మర్చిపోతాను."

"నువ్వు మర్చిపోతావు. నేను మర్చిపోలేదే, లేనిది గుర్తుపెట్టుకున్నాను. దానికీ దీనికీ చాలా తేడా ఉంది."

కోడలు లైటర్ హ్యాండ్‌బ్యాగులో పడేసింది. మర్నాటినుంచి అది ఆమెతో పాటే ఆఫీసుకి వెళ్ళింది, వచ్చింది. పెన్ను కోసం చెయ్యి పెడితే లైటరే తగిలేది. అట్ట వేసిన కొత్త పుస్తకం బీరువా పైకెక్కింది. పొద్దున్నే వెనకనుంచి ఎవరూ అక్షరాలు వినిపించడం లేదు. ఈ నిశ్శబ్దం కోసమే కదా ఇన్నేళ్ళూ మొత్తుకుంది, తీరా దొరికాక తనే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది.

బుధవారం కొడుకు ఇంట్లో ఉన్నాడు. సంగతి విని, "అమ్మకి వయసైంది, డాక్టరుకి చూపించు" అని చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. ఆ మనిషి నిద్రకి అడ్డురాగలిగింది బస్సు హారన్ ఒక్కటే.

గురువారం కోడలే తీసుకెళ్ళింది. డాక్టరు చిన్నవాడు, ఓపికున్నవాడు. "మూడు మాటలు చెబుతాను, కాసేపాగి మళ్ళీ అడుగుతాను. గొడుగు, సబ్బు, కిటికీ" అన్నాడు. తరవాత నాడి చూశాడు, కళ్ళు చూశాడు, అడిగాడు.

"గొడుగు, సబ్బు..." ఆవిడ ఆగింది. నాలుగువందల నంబర్లు చెప్పిన మనిషి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ డాక్టరు మొహంలో జవాబు వెతికింది. "తలుపు?"

"పరవాలేదు, దగ్గరికొచ్చారు."

"డాక్టరుగారూ, ఒకటి అడుగుతాను. అసలు లోకంలోనే లేని మాట ఒకటి, పుస్తకంలో చదివినట్టు, దాని చోటుతో సహా మనిషికి గుర్తుంటుందా?"

"ఉండొచ్చమ్మా. బుర్రలో ఖాళీలు ఏర్పడుతున్నప్పుడు మనసు ఏదో ఒకటి కల్పించి నింపుతుంది. మనకి అది నిజమే అనిపిస్తుంది."

"అంటే ఖాళీలు ఏర్పడ్డాయన్నమాట."

డాక్టరు ఏదో రాసుకుంటూ తలూపాడు. పక్క కుర్చీలో కోడలు కుక్కిన పేనులా కూర్చుంది. ఆ కల్పించింది ఎవరో ఈ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ మాట పుట్టిన రోజు కూడా గుర్తుంది. ఆఫీసులో కుర్చీ ఒక కాలు విరిగి అటూ ఇటూ ఊగుతోంది, బాగుచేయించమని అడిగి అడిగి విసిగిపోయింది, ఆ కసితో రాసింది. తన నడుంనొప్పి తీసుకొచ్చి అత్తగారి బుర్రకి అంటగట్టింది. ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

*

శుక్రవారం సాయంత్రం కోడలు ఆఫీసునుంచి వచ్చేసరికి అత్తగారు వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఖాళీగా. కోడలు టీ పెట్టి తెచ్చింది. ఆవిడ కప్పు అందుకుని, వంటగది వైపు చూసి అడిగింది.

"అమ్మాయ్, నేను స్టవ్ కట్టేశానా?"

ఆవిడ స్టవ్ ముట్టుకుని ఐదు రోజులైంది.

కోడలు అక్కడే నేలమీద చతికిలబడింది. ఇక ఆఫీసు లేదు, సంతకం లేదు. అన్నీ చెప్పేసింది. కాపలా మాటల సంగతి, దొంగల్ని పట్టే సంగతి, ముందు సీటు పెద్దమనిషి సంగతి, ఊగే కుర్చీ సంగతి. "ఆ మాట ఉండేదత్తయ్యా. మీరు చెప్పిన చోటే ఉండేది. నలభై ఏడో పేజీ, కుడి వరస, ఐదోది. మీ బుర్రకేం కాలేదు. ఆదివారమే చెప్పాల్సింది, నాకు ధైర్యం చాల్లేదు."

అత్తగారు అంతా విన్నది. విని, కోడలి తలమీద చెయ్యి వేసింది.

"నువ్వు మంచిదానివే. నా బాధ చూడలేక ఇంత కథ అల్లుకొచ్చావు. కానీ నీకు అబద్ధం చెప్పడం చేతకాదమ్మా, మొదట్నుంచీ అంతే."

కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పన్నెండేళ్ళుగా అబద్ధాలు అచ్చువేయించి అమ్ముతున్న మనిషి, జీవితంలో ఒక్కసారి గుట్టు విప్పి నిజం చెబితే, దాన్ని మాత్రం నమ్మేవాళ్ళు లేరు.

శనివారం ఒంటిపూట ఆఫీసు. అందరూ వెళ్ళేదాకా కోడలు ఏదో పనున్నట్టు కూర్చుంది. ఏటా ఒక కాపీ దాచిపెట్టే ఇనప బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుంది, అందరికంటే పాత మనిషి కాబట్టి. పోయిన మూడేళ్ళ పుస్తకాలు మూడు తీసి, టిఫిన్ డబ్బా కిందపెట్టి, సంచి భుజాన వేసుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్, "ఏంటక్కా, సంచి బరువుగా ఉంది?" అని మాటవరసకి అడిగితే సంచి ఇటు భుజానికి మార్చుకుంది. "ఉతికే బట్టలు" అంది. మళ్ళీ ఇంకో అబద్ధం.

ఇంటికొచ్చి అత్తగారి ఎదురుగా మూడు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అట్టలు ఆవిడకి కనబడకుండా పైట కప్పింది.

"నేను పేజీ చెబుతాను, మీరు మాట చెప్పండి."

"ఇప్పుడు నాకీ పరీక్షలెందుకే? డాక్టరు పెట్టింది చాల్లేదా?"

"నాకోసం, అత్తయ్యా. ఒక్కసారి. పోయినేటి పుస్తకం. పన్నెండో పేజీ, ఎడమ వరస, పైది."

ఆవిడ నిట్టూర్చి కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఏమీ రాలేదు. ఆవిడ కుడిచెయ్యి కొద్దిగా లేచి, గాలిలో ఏదో కన్నంలో తీగ గుచ్చినట్టు కదిలింది.

"విక్సెన్. ఆడ నక్క."

కోడలు పుస్తకం తెరిచింది. విక్సెన్. "దాని కింద?"

"కాన్వెక్స్. ఉబ్బెత్తుగా ఉండేది."

"అంతకు ముందేడాది. ముప్ఫై మూడో పేజీ. కుడి వరస. నాలుగోది."

"క్వావెల్. ఎవరూ వినకపోయినా రోజంతా గొణుగుతూ ఉండడం." ఆవిడ కళ్ళు మూసుకునే చెబుతోంది, ఈసారి చెయ్యి త్వరత్వరగా కదులుతోంది.

"అంతకు ముందేడాది. అరవయ్యో పేజీ."

"ఏ వరస?"

"ఎడమ. కింది నుంచి రెండోది."

"కాజ్మర్. ఎవరూ పిలవకుండా ఉంటే బాగుండునని కోరుకుంటూ పడుకునే పగటినిద్ర."

"నలభై ఏడో పేజీ" అంది కోడలు. "పోయినేటిది."

ఆవిడ కళ్ళు తెరిచింది. కోడలు పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టి, కుడి వరస మీద వేలుంచింది. ఐదో చోట జోల్వెట్. ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ. ఆవిడ చాలాసేపు చూసింది. వేలితో తడిమి చూసింది. తరవాత బీరువా పైనుంచి కొత్త పుస్తకం తెమ్మని సైగ చేసింది, రెండూ పక్కపక్కన పెట్టుకుంది. పాత రెండు పుస్తకాలూ కూడా తెరిపించి, క్వావెల్‌నీ కాజ్మర్‌నీ కొత్తదాంట్లో వెతికింది. లేవు. కొడుకు చిన్నప్పటి బడి నిఘంటువు తెప్పించి అందులోనూ వెతికింది. లేవు.

"మూడూ నువ్వు పుట్టించినవే?"

"మూడూ నేనే."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కోడలు దగ్గరికి జరిగింది. ఏడుపే. కానీ మధ్యలో నవ్వు కూడా వస్తోంది, రెండూ కలిసి ఊపిరాడకుండా చేస్తున్నాయి.

"అయితే నీ అబద్ధాలన్నీ ఒక్కటి కూడా పోకుండా నాకు గుర్తున్నాయన్నమాట" అంది ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

కోడలు ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "ఐదు రోజులు చూస్తూ ఊరుకున్నాను అత్తయ్యా. డాక్టరు ముందు కూడా."

"ఊరుకున్నావు" అంది ఆవిడ. లేదని అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. కాసేపటికి తల నిమిరింది. "రేపు వాళ్ళందరికీ చెబుతావా?"

"చెబుతాను. హెడ్మాస్టరుగారి ఎదురుగా చెబుతాను."

"చెబితే?"

"సోమవారం నుంచి నా సీట్లో కూడా ఫైళ్ళు కూర్చుంటాయి. కూర్చోనివ్వండి. నాకూ విసుగొచ్చేసింది."

అత్తగారు పుస్తకాలు మూడూ మూసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కోడలి సంచిలో తనే సర్దింది.

*

ఆదివారం లైబ్రరీ పైగదిలోకి వీళ్ళు అడుగుపెట్టేసరికి మాటలు ఒక్కక్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి. ఎవరో ఆవిడకి కుర్చీ జరిపారు, ఇంకెవరో మంచినీళ్ళు తెచ్చారు. పోయిన వారం దాకా ఆవిడకి కుర్చీ జరిపే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, కర్రతో ఒక్కటి వేసేది.

హెడ్మాస్టరుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు కాస్త గట్టిగా, కాస్త నిదానంగా అడిగారు. "ఎలా ఉన్నారమ్మా? డాక్టరుకి చూపించారా?"

కోడలు లేచి నిలబడింది. ఈసారి నోరు పెగిలింది. "మాస్టారూ, పోయిన వారం ఆ మాట సంగతి మీ అందరికీ నేను..."

"చూపించిందండీ" అని అత్తగారు అడ్డుపడింది. చేతికర్ర చాచి కోడలి పాదం మీద గట్టిగా నొక్కింది. "పాపం, మా కోడలే తీసుకెళ్ళింది. వయసైంది కదండీ. లేనివి ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు కనిపిస్తుంటాయి. మీరేం అనుకోకండి. ఆ రోజు మిమ్మల్ని కంగారుపెట్టాను."

"అయ్యో, ఎంతమాట" అన్నారు హెడ్మాస్టరుగారు. గదిలో అందరి మొహాల్లోనూ జాలి. ముప్ఫై ఏళ్ళు ఊరందరి గుట్టూ చెవిలో పెట్టుకుని ఒక్కటీ బయటికి పొక్కనివ్వని మనిషి, ఆ జాలి మధ్యలో తల వంచుకుని, బిళ్ళలు ఒక్కొక్కటే బోర్లించి సర్దుకుంటూ కూర్చుంది. కోడలు మళ్ళీ తన బల్ల మీద కూర్చుంది. పాదం నొప్పెడుతోంది. ఆట ఎవరు గెలిచారో ఆమె చూడలేదు, కళ్ళు కనబడితే కదా.

తిరిగొచ్చేటప్పుడు ఇంటి మెట్ల దగ్గర అత్తగారు ఆయాసంతో ఆగింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకలా అన్నారు అత్తయ్యా? వాళ్ళంతా ఇక మిమ్మల్ని అలాగే చూస్తారు."

"చూడనీ. నా బుర్ర సంగతి నాకు తెలిసింది, నాకదే కావాలి. ఆ మాస్టారికి తెలిస్తే నాకేం ఒరుగుతుంది? నీ సీటు పోతే మాత్రం ఇంట్లో రోజంతా నీ మొహం నేను చూడాలి." ఇంకో రెండు మెట్లు ఎక్కి మళ్ళీ ఆగింది. "అది సరేగాని, ఎవరూ వినకపోయినా రోజంతా గొణుగుతూ ఉండేది ఎవరే?"

కోడలు మెట్లకేసి చూస్తూ కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అనుకున్నాను. ఆ పగటినిద్ర ఎవరిదో అడగనులే, నాలుగేళ్ళుగా నీ నిద్ర చెడగొట్టింది నేనే." ఆవిడ తలుపు ముందు నిలబడి, కర్ర చంకలో పెట్టుకుని, అరచెయ్యి చాచింది.

కోడలు బ్యాగులో చెయ్యి పెట్టింది. ఈసారి వెతకాల్సిన పనిలేదు, ముందుగా తగిలేది ఎప్పుడూ అదే. తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు. టీ నేను పెడతాను, పిలవనులే" అంది అత్తగారు.